పోశం పెట్టె: గాలి నాలుగు

సోమవారం, మొదటి షిఫ్టు

పెట్టె నడిచింది. ఎవరూ విప్పలేదు. గాలి నాలుగు.

ఏ యంత్రం ఎవరు మొదట చేశారో తేల్చే తొలి కమిటీకి కావలసినవి ఈ మూడు ముక్కలే. రోజూ ఎవరో ఒకరు ఈ పెట్టె మీటలు నొక్కి ఇవి రాయాలి. రాయకపోతే పెట్టె చచ్చినట్టు లెక్క. చచ్చిన పెట్టెకు మొదటి హక్కు ఉండదు. మా చిన్నాయన పోశం పోయినప్పటి నుంచి ఆ ఎవరో ఒకరు నేనే. మూడు ముక్కల కింద ఏం రాసినా చదివేవాడు లేడు. అందుకే నా కడుపులో మంటంతా ఇక్కడ కక్కుతున్నాను.

నా పేరు స్వరూప. ఐదో బాయి మనిషిని. తాతల కాలంలో బొగ్గు తవ్వి వదిలేసిన బాయిలో, పైన ఎండకు తాళలేక దిగి వచ్చినవాళ్ల మనవరాలిని. బత్తి గదిలో పని. జనం తలకు కట్టుకునే బత్తీలకు చార్జింగ్ పెట్టడం, కాలిపోయినవి బాగు చేయడం. బడి మొహం చూడలేదు. చెత్తలో పారేసిన బోర్డులు ముందేసుకుని, ఏ తీగ ఎటు పోతుందో గోటితో వెతుక్కుంటూ నేర్చుకున్నాను. షాకు కొట్టిన ప్రతిసారీ ఒక పాఠం.

ఈ పెట్టె మా చిన్నాయన చేసింది. అసలు అది మా చిన్నమ్మ రాజవ్వ పెళ్లినాటి రేకు ట్రంకు. మూత లోపలి వైపు మీటలు, అరచేయంత పచ్చ తెర, అడుగున బత్తీల్లోంచి పీకిన బ్యాటరీలు, పక్కన జల్లెడ లాంటి ముక్కు. ఆ ముక్కుతో గాలి పీల్చి, ఎంత చెడిందో అంకె చెప్తుంది. ముప్పై లోపు ఉంటే బాగున్నట్టు. యాభై దాటితే సైరన్ మోగుతుంది, ఇంక్లైను అనే ఏటవాలు దారి మీద ట్రాలీ దిగుతుంది, కింద ఉన్నవాళ్లు పని వదిలి ఎక్కొచ్చు. అంతకు ముందు కంప్యూటర్లు గోడల్లో ఉండేవి. గోడ కంప్యూటరుకు ఆ గోడ దగ్గర గాలి తప్ప ఇంకోచోటి సంగతి తెలియదు. మనిషి భుజాన వేసుకుని ఎక్కడికైనా మోసుకుపోగల కంప్యూటరును మొదట చేసింది మా చిన్నాయన.

కాదు, మేమే అంటారు ఏడో బాయి వాళ్లు. వాళ్లదీ ఒక పెట్టె ఉంది. మాకంటే ముందే చేశారట. నిజమే కావచ్చు. కానీ వాళ్ల పెట్టెకు వైరుంది. గోడకు తగిలిస్తేనే బతుకుతుంది. తాడుతో గుంజకు కట్టేసిన మేకను ఊరు తిరిగే మేక అంటామా?

తగాదా తేలేదాకా రెండు పెట్టెలకూ లక్క ముద్రలు. విప్పకూడదు, బాగు చేయకూడదు, ఇంకోటి కొత్తగా చేయకూడదు. మూడు వానలు వచ్చిపోయాయి. ఈ శుక్రవారం మోత, పెట్టెను భుజాన వేసుకుని బాయి ఎక్కే పరీక్ష. తేలిపోతుంది.

మా అన్న ఓదెలు కింది సీములో, బాయి అడుగు బొగ్గు పొరలో, నీళ్లు తోడే పంపు దగ్గర పని చేస్తాడు. ఈ రోజు గాలి చూడటానికి పెట్టె మోసుకుని దిగితే మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. కోళ్లు చచ్చిపోతున్నాయట. తెగులు అని వాళ్ల మేస్త్రి నర్సింగం తేల్చేశాడు. పైగా బీడీ అంటుకోవడం లేదట, అగ్గిపుల్ల గీస్తే వెలిగి చప్పున ఆరిపోతోందట. చెమ్మ పట్టిందేమో, కాస్త మంచి అగ్గిపెట్టె కొనుక్కో పిసినారోడా అని నవ్వాను. పెట్టె నాలుగు అంది. నాలుగు అని గట్టిగా చెప్పి పైకి వచ్చేశాను.

మంగళవారం, మొదటి షిఫ్టు

పెట్టె నడిచింది. ఎవరూ విప్పలేదు. గాలి నాలుగు.

ఇది రాస్తూ ఆవలించాను. పెట్టె ముక్కు మీదికి వంగి, నోరంతా తెరిచి ఆవలించాను. అంకె కదల్లేదు.

చిన్నాయన బతికున్నప్పుడు పిల్లలకు ఇదొక ఆట. వరసగా నిలబడి ముక్కులోకి ఊదేవాళ్లు. మనిషి వదిలిన గాలి చెడ్డ గాలి కదా, అంకె ఒక్కసారి నలభైకి ఎగిరి పెట్టె కీచుమనేది. పిల్లలు కిందపడి దొర్లుతూ నవ్వేవాళ్లు. ఉల్లిపాయ తిన్నోడు ఊదితే యాభై దాటుతదిరా అని చిన్నాయన వాళ్లను ఇంకా ఎగదోసేవాడు.

మళ్లీ ఊదాను. బుగ్గలు నొప్పెట్టేదాకా ఊదాను. నాలుగు. గుడ్డతో జల్లెడ తుడిచి ఊదాను. నాలుగు. తడిగుడ్డ కప్పి ఊపిరి మొత్తం అందులో వదిలాను. నాలుగు.

ముక్కు వెనక ఒక గాజు బుడ్డి ఉంటుంది. అందులో తడి ముద్ద. గాలి చెడును పట్టేది ఆ ముద్దే. అది ఎండిపోతుంది. ప్రతి వానాకాలం చిన్నాయన పాతది గీకేసి కొత్తది పెట్టేవాడు. నేను పక్కన కూర్చుని కలిపి ఇచ్చేదాన్ని. ముద్ర పడ్డాక ఎవరూ పెట్టలేదు. పెట్టకూడదు.

అంటే ఈ పెట్టె గాలి చూడటం మానేసి ఎంత కాలమైందో తెలియదు. చివరిసారి ఏ అంకె దగ్గర ఎండిందో ఆ అంకె చెప్తూ కూర్చుంది. నేను రోజూ దీన్ని మోసుకుని కిందికి పోయి, నాలుగు, నాలుగు అని చెప్పి వచ్చాను. వాళ్లు నమ్మి పండుకున్నారు. నేల మీద. చెడ్డ గాలి బరువు. నేల మీదే ఉంటుంది. కోళ్లు ఉండేదీ నేల మీదే.

బుధవారం, రెండో షిఫ్టు

పెట్టె నడిచింది. ఎవరూ విప్పలేదు. గాలి నాలుగు అని పెట్టె అంటోంది.

కమిటీ మెంబరు గోవర్ధన్ సారు దగ్గరికి పోయాను. పెద్దమనిషే. చాయ్ పోయించాడు. నేను చెప్పిందంతా విన్నాడు, మధ్యలో ఆపలేదు. అన్నీ విన్నాక తన వెనక గోడ చూపించాడు. అది ఇంక్లైను గోడ. దాని నిండా పేర్లు చెక్కి ఉంటాయి. జనం దిగిన కొత్తలో బాయికో రకం యంత్రం ఉండేదట. ఒకటి ఫ్యాను తిప్పమంటే పక్కది ఆపమందట. ఏది నమ్మాలో తేలేలోపల పోయినవాళ్ల పేర్లు అవి. సారు వాళ్ల తాత పేరు కూడా ఉంది. అప్పటి నుంచే ఈ రూలు. ఒక పనికి ఒకే యంత్రం. ఎవరు మొదట చేస్తే వాళ్లది. మిగతావన్నీ నలిపేయడానికి రోలర్ కిందికి. ఎవరి తోచినట్టు వాళ్లు విప్పి కెలికితే మళ్లీ ఈ గోడ నిండుతుందని ఆయన భయం. భయం నిజమైనదే. అందుకే ఆయన మీద ఇంకా కోపం వచ్చింది.

ముద్ద ఒక్కటి మారుస్తాను, మీ ఎదురుగానే, మళ్లీ ముద్ర మీరే వేయండి అన్నాను.

“విప్పితే అది పోశం పెట్టె గాదమ్మా, నీ పెట్టె అయితది,” అన్నాడు. “నిన్న చేసిన పెట్టెకు మొదటి హక్కు ఎట్లుంటది?”

సరే, పంపు మనుషులనైనా పైకి పిలవండి అన్నాను. పంపు ఆగితే కింది సీము మునిగిపోతుంది, దేని మీద ఆపమంటావు అని అడిగాడు.

“నీ ఆవలింత మీదనా?”

పక్కనున్న గుమాస్తాలు నవ్వారు. చాయ్ గ్లాసు అక్కడే బోర్లించి వచ్చేశాను.

ఇంటికి పోయి చిన్నమ్మతో చెప్పాను. రాజవ్వ జొన్నరొట్టె తట్టుతూ విన్నది. ఆమె పెళ్లి ట్రంకు ఇచ్చింది, అందులోని చీరలు తీసి మూట కట్టుకుని బతికింది. చిన్నాయన ఆ పెట్టె మీద పడి ఇంటికి రాకుంటే బత్తి గదికే సద్ది మోసింది. ఆయన పోయాక ఆమెకు మిగిలిన ఆశ ఒక్కటే. మొదట చేసినవాళ్ల పేర్లు, బాయిలోకి గాలి తోసే ఫ్యాన్ హౌజ్ తలుపు మీద ఇత్తడి రేకుతో కొడతారు. ఆ తలుపు మీద పోశం అని ఉండాలి. ప్రతి మనిషీ ఆ తలుపు తోసుకుని పోవాలి.

“శుక్రారం దాంక ఆగు బిడ్డ,” అంది. రొట్టె మాడుతున్నా తిప్పడం లేదు. “మూడేండ్లు ఆగినం. రెండు పొద్దులు ఆగలేమా?”

నేను ఆగాను. చిన్నమ్మ కోసం అని రాసుకుంటే బాగుంటుంది, కానీ అబద్ధం. ఏడో బాయి వాళ్ల మొహాలు మాడిపోవడం చూడాలని నాకే ఉంది. రెండు రోజుల్లో ఏమవుతుందిలే అనుకున్నాను.

గురువారం, మొదటి షిఫ్టు

పెట్టె నడిచింది. ఎవరూ విప్పలేదు. పెట్టె నాలుగు అంటోంది.

ఇవాళ ముద్రల పరీక్ష. రెండు పెట్టెలూ కమిటీ బల్ల మీద పక్కపక్కన పెట్టారు. ఏడో బాయి తరఫున మోసేవాడు మొగిలి. నా ఈడువాడే. వాళ్ల మేనమామ ఆ పెట్టె చేసినవాడు. మనిషి కంటే నోరు పెద్దది. మా ట్రంకును చుట్టూ తిరిగి చూసి, తాళం చెవి యాడుంది, చీరలు మడతపెట్టి ఉన్నయా అని అడిగాడు. గుమాస్తాలకు మళ్లీ నవ్వు.

“గిది కంప్యూటరా సార్? రాజవ్వ పెండ్లి ట్రంకు. దీనికి హక్కిస్తే రేపు మా అవ్వ పోపుల డబ్బా గూడ పట్టుకొస్తది.”

నీ మేనమామ చేసింది నడవదు, దాన్ని బొడ్డుతాడు కోయని పిల్లలా గోడకు వేలాడదీయాలి అని నేనూ అన్నాను. ఈ గొడవలో మూడో బాయి నుంచి ఒక ముసలాయన వచ్చి, మా తాత గోడ కంప్యూటరును గునపంతో పెకిలించి వీపు మీద వేసుకుని పారిపోయాడు, కాబట్టి మొదటి మోత కంప్యూటరు అదేనని అర్జీ ఇచ్చాడు. అది దొంగతనం కదా తాతా అంటే, దొంగతనమైనా మొదటిదే కదా అన్నాడు. అందరం నవ్వాం. మొగిలి, నేను కూడా ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వేశాం. ఆ నవ్వులో ఉండగానే వాడి దగ్గరికి పోయి మెల్లగా చెప్పాను, మీ పెట్టె ముక్కులో ఒకసారి ఊదిచూడు అని.

“నీ ఎంగిలి సోపతి నా పెట్టెకెందుకు?” అన్నాడు. వాళ్ల పెట్టె తెర మీద మూడు అని ఉంది. నిరుడు వాళ్లు పక్కన తెచ్చి పెట్టినప్పుడూ మూడే ఉన్నట్టు నాకు గుర్తు.

అక్కడి నుంచి తిన్నగా కింది సీముకు దిగాను. కోళ్ల గూడు ఖాళీ. ఓదెలు అన్న స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నర్సింగం మేస్త్రి గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని, నేనెవరో గుర్తుపట్టడానికి చాలాసేపు తీసుకున్నాడు. నాకే మోకాళ్లు బరువెక్కాయి. అన్నకు అంతా చెప్పాను. ముద్ద ఎండిపోయింది, పెట్టె అబద్ధం చెప్తోంది, ఇప్పుడే నాతో పైకి రా అన్నాను. వాడు మాట కూడదీసుకోవడానికే తడబడ్డాడు.

“పెట్టె ఎంత అంటున్నది?”

“నాలుగే అంటది. చచ్చిందాకా నాలుగే అంటది.”

“మరింకేంది,” అన్నాడు. “పంపు ఇడిసిపెట్టి వస్తే సీము మునుగుతది. మమ్మల్ని బాయిల నుంచే ఎల్లగొడ్తరు. నువ్వు జెప్తే రానే చెల్లె. పెట్టె జెప్తే వస్త.”

రెక్క పట్టుకుని గుంజాను. దులిపేసుకున్నాడు. వాడు నాకంటే రెట్టింపు మనిషి. నర్సింగం మేస్త్రి, ఆడపిల్లకు మోత ముందు గుబులు పట్టింది, పోయి పండుకో బిడ్డ అని నన్నే ఓదార్చాడు.

బత్తి గదికి వచ్చి ముద్ద కలిపాను. చిన్నాయన చెప్పిన కొలతే. తడి ఆరకుండా చిన్న సీసాలో పోసి, మైనం పెట్టి, నడుముకు కట్టుకున్నాను. ఎందుకు కట్టుకున్నానో నన్ను నేను అడగలేదు.

శుక్రవారం, మూడో షిఫ్టు

పెట్టె నడిచింది. నేనే విప్పాను. గాలి ఎనభై ఒకటి.

మోత రూలు ఇదీ. ఒక్క మనిషి, ఒక్క భుజం. కింది సీము నుంచి బాయి మూతి దాకా ఇంక్లైను మీద నడిచి ఎక్కాలి. మధ్యలో కింద పెట్టకూడదు, ఇంకొకరి చెయ్యి పడకూడదు. పైకి పోయాక పెట్టె బతికుండాలి, గోడకు తగిలించి అయినా సరేనట. కింద పెట్టినా, ఇద్దరు పట్టినా అది మోసే కంప్యూటరు కాదు, సామాను.

కమిటీ మనుషులు కింది సీము మొదట్లో, కాస్త ఎత్తు మీద, తలుపు దగ్గర నిలబడ్డారు. వాళ్ల దాకా ఫ్యాను గాలి వస్తుంది. మేమిద్దరం పంపు దాకా పోయి, అక్కడ గాలి చదివి, వెనక్కి తిరిగి ఎక్కాలి. మొగిలి భుజం మీద పెట్టె, వెనక వైరు చుట్ట. పంపు గోడకు తగిలించి, మూడు అని అరిచాడు. నేను నాలుగు అని అరిచాను. కమిటీ తలుపు దగ్గర నుంచి సరే, ఎక్కండి అంది.

అప్పుడు చూశాను. పంపు నడుస్తోంది. నడిపేవాళ్లు లేరు. నర్సింగం మేస్త్రి నిన్న కూర్చున్న చోటే ఒరిగి ఉన్నాడు. అవతల ఇద్దరు గోడ వారగా ముడుచుకుని నిద్రలో ఉన్నారు. అన్న స్టూలు కింద పడి ఉంది. స్టూలు పక్కన అన్న. నోరు తెరిచి, చేప లాగా, ఎప్పుడో ఒకసారి గాలి మింగుతున్నాడు.

లేపండి, ట్రాలీ దించండి అని అరిచాను. గోవర్ధన్ సారు గొంతు వినపడింది. సైరన్ మోగితేనే ట్రాలీ కదులుతుందమ్మా, పెట్టె నాలుగు అంది కదా, వాళ్లు పడుకున్నారేమో అన్నాడు. మొగిలి వైరు ఊడదీసి ఎక్కడం మొదలుపెట్టాడు. రెండడుగులు వేసి నా వైపు చూశాడు. భుజం మీద పెట్టె ఉంటే తల పూర్తిగా తిప్పలేరు. సగమే తిప్పి చూశాడు.

ఒక్కదాన్ని నలుగురిని మోయలేను. ఒకరిని కూడా ఆ ఏటవాలు మీద మోయలేను. వాళ్లను పైకి తేగలిగింది ట్రాలీ. ట్రాలీని దించగలిగింది ఈ పెట్టె నోరు.

కింద పెట్టాను.

పైన ఎవరో పెట్టింది, పెట్టింది అన్నారు. ఏడో బాయి వాళ్ల గొంతుల్లో సంతోషం. స్క్రూడ్రైవరు లక్కలోకి గుచ్చి తిప్పాను. గోళ్ల కిందికి లక్క దిగింది. ముక్కు ఊడదీసి, బుడ్డిలో ఎండిన పెళ్లను గీకి, ముద్ద వేలితో కూరాను. తల తిరుగుతోంది. మోకాళ్ల మీద ఉన్నాను కదా, నేల దగ్గర ఉన్నాను. మూత వేసి మీట నొక్కాను. తెర మీద నాలుగు. ఇంకా నాలుగే. తర్వాత పంతొమ్మిది. తర్వాత యాభై ఆరు. సైరన్ నా చెవి పక్కనే మోగింది. మూడేళ్ల తర్వాత మా చిన్నాయన పెట్టె నోరు తెరిచింది.

ట్రాలీ దిగింది. అన్నను, ఆ ఇద్దరిని ఎక్కించాం. ‘ఎక్కించాం’ అని ఎందుకు రాశానంటే మూడో చెయ్యి మొగిలిది. వాడు తన పెట్టె భుజం మీదే ఉంచుకుని, ఇంకో చేత్తో పట్టాడు. కింద పెట్టలేదు. వాణ్ని మెచ్చుకోవాలో తన్నాలో నాకు ఇప్పటికీ తెలియడం లేదు.

నర్సింగం మేస్త్రిని కూడా ఎక్కించాం. ఆయన అప్పటికే చల్లబడ్డాడు.

ఆదివారం, మొదటి షిఫ్టు

పెట్టె నడిచింది. గాలి పదకొండు, బత్తి గదిలో. ఇది ఇక రాయనక్కర్లేదు. అలవాటు.

తీర్పు చదివారు. మొదటి మోత కంప్యూటరు ఏడో బాయిది. ఐదో బాయి పోశం చేసినది కంప్యూటరు కాదు, పనిముట్లు పెట్టుకునే ట్రంకు అని రాశారు. మొగిలి ఎగతాళి అక్షరం పొల్లుపోకుండా తీర్పులోకి ఎక్కింది. విప్పిన పెట్టె చెప్పిన అంకె అంకె కాదట. ముద్ర ఉన్న పెట్టె మూడు అంది కాబట్టి ఆ పూట గాలి మూడేనట. మరి నర్సింగం మేస్త్రి ఎందుకు పోయాడంటే గుండె ఆగిందట. గుండె ఆగకుండా ఎవడు చస్తాడు?

ఇక అన్ని బాయిల్లో ఏడో బాయి పెట్టెలే. మొదటి పెట్టెను విప్పరు, విప్పితే అది మొదటిది కాకుండా పోతుంది కాబట్టి. కొత్తగా చేసిన పెట్టెలను దాని పక్కన పెట్టి సరిచూస్తారు. మొదటి పెట్టె మూడు అంటే కొత్త పెట్టె కూడా మూడు అనాలి. అనకపోతే అది తప్పు పెట్టె, రోలర్ కిందికి. మూడు అనేదాకా తిప్పి తిప్పి, అన్నాక ముద్ర వేసి గోడలకు కొడతారు.

అన్న బతికాడు. మాటలు వెతుక్కుంటున్నాడు. నీళ్లు కావాలంటే చేత్తో చూపిస్తాడు. నన్ను చెల్లె అంటాడు, పేరు మాత్రం రాలేదు ఇంకా.

షిఫ్టు మారే వేళ మొగిలి వచ్చాడు. గెలిచినవాడి మొహం కాదు. తలుపు దగ్గరే నిలబడి, ఊదిన అన్నాడు.

“కదల్లే,” అన్నాడు. “మూడు నుంచి కదల్లే.”

సీసాలో ముద్ద సగం మిగిలింది. ఇచ్చాను. చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. వాళ్ల మేనమామ పేరు అప్పటికే ఫ్యాన్ హౌజ్ తలుపు మీద కొట్టేశారు. వాళ్ల బాయికి పెట్టెలు చేసే వర్క్‌షాపు వస్తోంది, వాళ్ల తమ్ముడికి అందులో పని. సీసా మెల్లగా నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. తలుపు కూడా చప్పుడు కాకుండా వేశాడు.

మంగళవారం, రెండో షిఫ్టు

గాలి పద్నాలుగు. పెట్టె బతికింది. ఎలా బతికిందో రాస్తాను.

రోలర్ దగ్గర జనం మూగారు. ఓడిపోయిన పెట్టెను నలిపేటప్పుడు చూడటానికి ఎప్పుడూ మూగుతారు. నేను పెట్టెను కావలించుకుని కూర్చున్నాను. నలిపితే నన్ను కలిపి నలపండి అందామనుకున్నాను. నిజంగా అంతే అనుకున్నాను. అంతకు మించి ఆలోచన తట్టలేదు.

రాజవ్వ వచ్చింది. చంకలో చీరల మూట. ట్రంకు ఇచ్చిన నాటి నుంచి దాచుకున్న మూట. మోత నాటి నుంచి ఆమె నాతో మాట్లాడలేదు. గోవర్ధన్ సారు దగ్గరికి పోయి, తీర్పు కాగితం మళ్లోసారి చదవమంది. నాకు చదువు రాదు, మెల్లగా చదువు అంది. సారు చదివాడు. ట్రంకు అన్న మాట దగ్గర ఆపమంది.

“రూలు పకారం రోలర్ కిందికి పోయేది ఓడిపోయిన కంప్యూటరు. ఇది కంప్యూటరు గాదని నువ్వే రాసినవ్. మా ఆయన కంప్యూటరు చెయ్యలేదని నేను గూడ ఒప్పుకుంటున్న. యాడ యేలుముద్ర ఎయ్యమంటే ఆడ ఏస్త. నా పెండ్లి ట్రంకు నాకియ్యి.”

ఎవరూ నవ్వలేదు. గోవర్ధన్ సారు కాగితం వైపు, ట్రంకు వైపు మార్చి మార్చి చూశాడు. ఆయనకు అర్థమైందని నాకు అనిపించింది. వేలిముద్ర వేయించుకుని, ట్రంకుకు సైరన్ ఎందుకు అని దాని వైర్లు మాత్రం కోయించాడు. మూత మీద చిన్నాయన చెక్కుకున్న పేరు చెరిపేయాలన్నాడు. ఉలి తెమ్మంది చిన్నమ్మ. తనే చెరిపింది. రేకు మీద ఉలి చప్పుడు పళ్లలోకి దిగింది. చెరిపి, మీటల మీద చీరలు పరిచి, మూత వేసి, పద బిడ్డ అంది.

దారి పొడుగునా ఏడ్వలేదు. ఇంటికొచ్చాక, శుక్రారం దాంక ఆగమన్నది నేనే గదా అని ఒక్కసారి అంది. ఆగింది నేనే కదా అని నేననలేకపోయాను.

గురువారం, మొదటి షిఫ్టు

పెట్టె నడిచింది. గాలి నలభై ఏడు.

ఇది కింది సీము కాదు. మేం ఉండే సొరంగం, రెండో గ్యాలరీ. మా ఇంటి గడప. పొయ్యి రాజేస్తే మంట లేవడం లేదని చిన్నమ్మ పిలిచింది. ట్రంకు తెరిచి చీరలు తీశాం. ఊది చూశాను, అరవైకి ఎగిరి మళ్లీ దిగింది. ముక్కు బాగానే ఉంది.

ఎదురు గోడ మీద కొత్త పెట్టె మెరుస్తోంది. ఇత్తడి రేకు మీద ఏడో బాయి పేరు. లక్క ముద్ర ఎర్రగా, తడి ఆరనట్టుగా ఉంది. దాని తెర మీద మూడు.

కింది సీముకు సోమవారం కొత్త గ్యాంగును పంపారు. ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. కమిటీకి చేస్తే లైను చెడిందన్నారు. గాలి సంగతి చెప్తే ఏ పెట్టె చెప్పిందని అడిగారు. ట్రంకు అన్నాను. పెట్టేశారు.

చెడ్డ గాలి నీళ్ల లాంటిది. గుంత నిండితేనే పైకి వస్తుంది. పైకి వచ్చిందంటే కింద నిండిందని.

సైరన్ లేదు. ట్రాలీ రాదు. మిగిలింది తలుపులు కొట్టడమే. పెట్టె చూపించాలి, ఊదమనాలి, అంకె ఎగరడం వాళ్ల కళ్లతో చూడాలి, ఆ తర్వాత ఎక్కుతారో లేదో వాళ్ల ఇష్టం. ఇంటికి ఒక్క ఊపిరి చాలు. ఓదెలు అన్నను మొదటే లేపి ఇంక్లైను ఎక్కించాం. వాడు ఈసారి పెట్టె ఎంత అంది అని అడగలేదు. నా మొహం చూసి లేచాడు.

ఇంతమంది ఊదితే ముద్ద తొందరగా ఎండుతుంది, సీసాలో కాస్తే ఉంది. ఈ గ్యాలరీలో ఇళ్లు చాలా ఉన్నాయి. గ్యాలరీ పొడుగునా దీన్ని ఒక్కదాన్నే మోసుకుంటూ పోతే మధ్యలోనే పడిపోతాను, నా మోకాళ్లు ఇప్పటికే చెప్తున్నాయి. రాజవ్వ కొంగు బిగించి ట్రంకు ఒక పక్క కడియం పట్టుకుంది. రెండో కడియం నాది. ఒక్కరు మోస్తేనే మోత అని రూలు. ఇప్పుడిది ఎవరి మొదటిదీ కాదు కాబట్టి ఇద్దరం పట్టొచ్చు.

నలభై తొమ్మిది.

పక్కింటి నుంచే మొదలుపెడుతున్నాం. వాళ్ల కోళ్లు ఈ పొద్దు కూయలేదు.